చేతిపని నేర్చే పిల్లల ఆరోగ్యం ఎవరు చూడాలి?



పొందూరు పేరు చెప్పగానే ఎవరికైనా ఖద్దరు గుర్తుకు వస్తుంది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకి, సన్నని నూలు వడికే ఆ పనితనాన్ని ఏ కాలేజీలోనూ నేర్పరు. అమ్మమ్మ పక్కన కూర్చుని మనుమరాలు నేర్చుకుంటుంది. 1949లో ఏర్పడిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఆ నూలుకు, నేతకు అండగా నిలిచింది గాని, పని నేర్పే బడి మాత్రం ఇల్లే. ఇంట్లో నేర్చుకున్నప్పుడు పనితోబాటు మరికొన్ని సంగతులు కూడా చెవిన పడతాయి. ఎంతసేపు కూర్చోవాలి, ఎప్పుడు లేచి నడుము చాచుకోవాలి, దూది ధూళి ముక్కులోకి పోకుండా కొంగు ఎలా అడ్డుపెట్టుకోవాలి అన్నవి ఎవరూ పాఠంగా చెప్పరు. చెయ్యి తెగితే కట్టుకట్టే మనిషి కూడా ఆ పక్కనే ఉంటుంది.

ఈ రోజు మన విచారణల్లోని పిల్లలు చాలామంది పదో తరగతి కాగానే ఐ.టి.ఐ.లోనో, ఇంటర్మీడియట్ వొకేషనల్ కోర్సులోనో చేరుతున్నారు. ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, డీజిల్ మెకానిక్కు, కుట్టుపని, ల్యాబ్ టెక్నీషియను. మంచిదే. కాని తెల్లవారుజామున లేచి, తిన్నామనిపించుకుని, బస్సో ప్యాసింజరు రైలో పట్టుకుని శ్రీకాకుళం వైపో రాజాం వైపో వెళ్ళే ఆ పిల్లవాడికి పగలంతా పక్కన ఉండేది యంత్రం. అమ్మమ్మ ఉండదు. అక్కడ వాడి ఆరోగ్యం సంగతి చూసేది ఎవరు? ఈ వారం మన పాఠం దాని గురించే.

మధ్యలో జారిపోయే వయసు

బడిలో ఉన్నంతకాలం ప్రభుత్వం పిల్లల మీద ఒక కన్ను వేసి ఉంచుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు వైద్య బృందాలు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. వారానికొక ఇనుము మాత్ర, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర ఇచ్చే ఏర్పాటు ఉంది. పది, పదహారు ఏళ్ళకు ధనుర్వాతం రాకుండా టి.డి. టీకా వేయాలి.

ఇక రెండో చివర చూడండి. ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికుని కోసం 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ప్రథమ చికిత్స పెట్టె గురించి రాశారు. నూట యాభైమంది కార్మికులకు ఒక పెట్టె చొప్పున ఉండాలని, దానికి శిక్షణ పొందిన ఒక బాధ్యుడు ఉండాలని ఆ చట్టం కోరింది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఈ రక్షణను ఫ్యాక్టరీలో శిక్షణ పొందే అప్రెంటిస్‌కు కూడా వర్తింపజేసింది. పనిలో గాయపడితే నష్టపరిహారం కూడా ఉంటుందని చెప్పింది.

మరి బడి విడిచి, ఫ్యాక్టరీలో ఇంకా అడుగుపెట్టని ఆ రెండు మూడేళ్ళ మాటేమిటి? పదహారు ఏళ్ళ టీకా సరిగ్గా ఆ సమయంలోనే తప్పిపోతుంది. ఫ్యాక్టరీలో ఉండే గ్రైండరే కాలేజీ వర్క్‌షాపులోనూ తిరుగుతుంది, కరెంటు కూడా అదే. తేడా ఏమిటంటే, అక్కడ పట్టుకున్న చెయ్యికి అనుభవం ఉంది, ఇక్కడ లేదు. అయినా మనం కాలేజీలో చేర్పించేటప్పుడు ఫీజు ఎంత, ఉద్యోగం వస్తుందా అని అడుగుతాము గాని, దెబ్బ తగిలితే ఎక్కడికి తీసుకుపోతారు అని అడగము. ఈ రాస్తున్నవాడూ అడగలేదు. తరువాత బాధపడ్డాడు.

ప్రాథమిక ఆరోగ్య సేవ అంటే డాక్టరు కాదు

1978 సెప్టెంబరులో అప్పటి సోవియట్ దేశంలోని ఆల్మా ఆటా నగరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఒక పెద్ద సమావేశం జరిపాయి. ప్రాథమిక ఆరోగ్య సేవ అన్న మాటకు అక్కడే ఒక స్పష్టమైన అర్థం ఏర్పడింది. ఆరోగ్య బోధన, సరిపడా తిండి, మంచినీరు, పారిశుద్ధ్యం, తల్లీబిడ్డల సంరక్షణ, టీకాలు, ఆ ప్రాంతంలో తిష్టవేసుకున్న రోగాలను అరికట్టడం, మామూలు జబ్బులకు, గాయాలకు చికిత్స, అవసరమైన మందులు, ఇవన్నీ దానిలో భాగాలు. ఈ జాబితాను మళ్ళీ ఒకసారి చదవండి. ఎక్కువ భాగం డాక్టరు లేకుండా జరగవలసినవే.

ఆ ఆలోచన గాలిలోనుండి ఊడిపడలేదు. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970లో రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే అనే డాక్టరు దంపతులు పల్లె స్త్రీలకు, అందులోనూ చదువురాని వారికి, ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ ఇచ్చారు. ఆల్మా ఆటాకు ముందే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పనిని చాటి చెప్పింది. మన ఆంధ్ర దేశంలోనే ఇంకా పాత సంగతి ఒకటుంది. 1920లో ఆస్ట్రేలియా నుండి గుంటూరు వచ్చిన డాక్టరు మేరీ గ్లోరీ మఠకన్యగా ఉంటూనే వైద్యం చేశారు. ఒక్క డాక్టరు ఎంతమందిని చూడగలదు? అందుకని స్థానిక స్త్రీలకు నర్సులుగా, మంత్రసానులుగా, కాంపౌండర్లుగా శిక్షణ ఇచ్చారు. 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించినది కూడా ఆమే.

ఈ ఉదాహరణలు చెప్పడంలో ఒక కారణం ఉంది. ఏడాదికొకసారి ఫ్లెక్సీ కట్టి, డాక్టరుగారిని పిలిచి, దండ వేసి, రెండు గంటల్లో మూడువందలమంది పిల్లల గుండె మీద స్టెతస్కోపు ఆనించి, ఫోటో తీయించుకోవడాన్ని మనం ఆరోగ్య కార్యక్రమం అంటున్నాము. ఆ రోజు కళ్ళు కనబడడం లేదని చెప్పిన పిల్లకు కళ్ళజోడు వచ్చిందా లేదా అని తరువాత ఎవరూ చూడరు. మంచి సమరీయుని కథలో మనకు గాయం మీద పోసిన నూనె, ద్రాక్షరసం బాగా గుర్తుంటాయి. అతడు మరునాడు పూటకూళ్ళవానికి రెండు దీనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని చెప్పి వెళ్ళిన సంగతి మాత్రం మరిచిపోతాము. చికిత్సకు కొనసాగింపు ఉండాలని అతనికి తెలుసు.

ఒక గది, ఒక పెట్టె, ఒక పుస్తకం

ఒక వృత్తివిద్యా కళాశాలలో ఈ ఏర్పాటు చేయడానికి పెద్ద డబ్బు అక్కరలేదు. బాధ్యత తీసుకునే ఒక ఉపాధ్యాయుడో ఉపాధ్యాయురాలో కావాలి. అమ్మాయిలు ఉన్నచోట ఒక ఉపాధ్యాయురాలు తప్పక ఉండాలి. ఒక మంచం, కుళాయి, తలుపుకు గడియ ఉన్న చిన్న గది కావాలి. వర్క్‌షాపులో అందరికీ తెలిసిన చోట ప్రథమ చికిత్స పెట్టె కావాలి. ఆ పెట్టెకు తాళం వేసి తాళంచెవి ప్రిన్సిపాలుగారి టేబులు సొరుగులో పెట్టడం మన దేశమంతటా ఉన్న జబ్బు. రక్తం కారుతున్నప్పుడు తాళంచెవి వెదకడం ఎంత నరకమో పడినవారికే తెలుసు.

ఇక మూడోది పుస్తకం. నన్నడిగితే మొదటి స్థానం దీనికే ఇవ్వాలి. ఎవరికి, ఏ రోజు, ఏ గంటకు, ఏ బల్ల దగ్గర, ఏమైంది, ఏమి చేశారు, తరువాత ఏమైంది. ఇంతే రాయాలి. మూడు నెలలు శ్రద్ధగా రాస్తే ఆ పుస్తకమే మాట్లాడుతుంది. కంటిలో ఇనుపరజను పడినవారు అయిదుగురూ ఒకే గ్రైండరు దగ్గర పనిచేసినవారని తేలితే, ఆ గ్రైండరుకు అద్దం లేదని తెలుస్తుంది. కళ్ళు తిరిగి పడిపోయినవారు ఎక్కువమంది పదకొండు గంటలకే పడిపోతున్నారంటే, వాళ్ళు పొద్దున్న ఏమీ తినకుండా రైలెక్కుతున్నారని అర్థం. అప్పుడు మందు అక్కరలేదు. అద్దం బిగిస్తే చాలు, ఇంటి దగ్గర ఒక గ్లాసు చోడి అంబలి తాగించి పంపితే చాలు. పుస్తకం లేకపోతే ఆ అయిదుగురూ అయిదు వేరువేరు దురదృష్టాలుగా మిగిలిపోతారు.

చేరిన రోజునే ఒక్కొక్కరికీ ఒక ఆరోగ్య కార్డు రాయాలి. టీకాలు, చూపు, వినికిడి, మూర్ఛ, ఉబ్బసం, పడని మందులు. మూర్ఛ ఉన్న కుర్రవాణ్ణి తిరిగే యంత్రం దగ్గర, ఎత్తైన స్తంభం మీద పనికి పెట్టకూడదు. చాలామంది తల్లిదండ్రులు సీటు పోతుందేమోనని ఆ సంగతి దాచిపెడతారు. వారిని తిట్టడం సులువు. కాని చెప్పినందుకు సీటు పోదని, ట్రేడు మార్చుకునే అవకాశం ఇస్తామని కాలేజీవారు ముందే మాట ఇస్తే గాని ఎవరూ నోరు విప్పరు.

దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి కాలేజీ తరఫున ఒక ఉత్తరం రాయాలి. మైదాన ప్రాంతంలో ముప్పైవేల జనాభాకు ఒక ఆరోగ్య కేంద్రం, అయిదువేలకు ఒక ఉపకేంద్రం ఉండాలన్నది మన దేశంలో పెట్టుకున్న కొలమానం. అంటే పిల్లలు చదివే ప్రతి చోటుకూ ఒక ఏ.ఎన్.ఎం. బాధ్యురాలిగా ఉంటుంది. ఆమె నెలలో ఒక నిర్ణీత రోజున కాలేజీకి వచ్చేటట్లు మాట్లాడుకోవచ్చు. అడిగితే వస్తారు. అడగకపోతే, ఆమెకున్న పని ఒత్తిడిలో ఆ పిల్లలు ఎవరి లెక్కలోనూ ఉండరు.

మరొక మంచి వనరు కాలేజీల్లోనే ఉంది. ఇంటర్మీడియట్ వొకేషనల్‌లో మల్టీపర్పస్ హెల్త్ వర్కరు కోర్సు, మెడికల్ ల్యాబ్ టెక్నీషియను కోర్సు ఉన్నాయి. కట్టుకట్టడం, రక్తపోటు చూడడం, రక్తంలో హిమోగ్లోబిన్ కొలవడం ఆ పిల్లల చదువులోనే ఉంది. తమ అధ్యాపకుల పర్యవేక్షణలో తోటి విద్యార్థులకు వారు ఈ సేవ చేస్తే నేర్చుకున్నదీ నిలుస్తుంది, పనీ జరుగుతుంది. ఆ కోర్సులు లేని ఐ.టి.ఐ. అయితే పక్క కాలేజీతో మాట్లాడుకోవచ్చు. పల్లె స్త్రీలతో జామ్‌ఖేడ్‌లో జరిగిన పని మన ఇంటర్ పిల్లలతో జరగదా?

వర్క్‌షాపులో జరిగేవి

వెల్డింగు వెలుగును కళ్ళజోడు లేకుండా చూస్తే అప్పటికేమీ అనిపించదు. ఆ రాత్రి ఇసుక పోసినట్టు కళ్ళు మండి, నీళ్ళు కారి, వెలుతురు చూడలేక పిల్లవాడు గిలగిలలాడతాడు. వెల్డింగు చేసినవాని కన్నా పక్కన నిలబడి ఇనుము పట్టుకున్న కుర్రవానికే ఇది ఎక్కువగా వస్తుంది. ఎందుకంటే ముసుగు ఒక్కటే ఉంటుంది, అది చేసేవాని చేతిలో ఉంటుంది. మన పల్లెల్లో ఆ కంటిలో చనుబాలు పిండుతారు, ఆముదం వేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కళ్ళు మూసి చల్లని తడిగుడ్డ వేసి, డాక్టరుకు చూపించండి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

ఇనుపరజను కంటిలో పడితే నలపకూడదు. అగ్గిపుల్లతో, చేతిరుమాలు కొసతో తీయకూడదు. శుభ్రమైన నీటితో కడగాలి. రానిది లోపల గుచ్చుకున్నదని భావించి, కన్ను నొక్కుకోకుండా కప్పి, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కాలిన చోట టూత్‌పేస్టు, సిరా, గుడ్డుసొన పూయడం ఇంకా చూస్తున్నాము. కారుతున్న మామూలు నీటి కింద ఇరవై నిమిషాలు ఉంచడమే సరైన మందు. ఉంగరం, గాజులు వాపు రాకముందే తీసేయాలి. తెగిన చోట కాఫీపొడి, పసుపు కుక్కకుండా శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. మధ్యమధ్య తీసి చూడకూడదు.

కరెంటు షాకు తగిలినవానిని చేత్తో పట్టుకుంటే ఇద్దరూ పోతారు. ముందు మెయిన్ ఆపాలి. ఊపిరి లేకపోతే 108కి ఫోను చేయిస్తూనే ఛాతీ మధ్యన రెండు చేతులతో నిమిషానికి వంద నుండి నూట ఇరవై సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. ఇది చదివి నేర్చుకునేది కాదు, చేసి నేర్చుకోవాలి. ఎలక్ట్రీషియను ట్రేడులో చేరిన ప్రతి పిల్లవానికి మొదటి నెలలోనే ఇది చేయించి చూపించాలి. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా సరే, డాక్టరు చూడాలి.

అమ్మాయిల సంగతి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుండి 19 ఏళ్ళ అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. మన రాష్ట్రం పరిస్థితి దీనికంటే మెరుగ్గా లేదు. ఆ వయసు అబ్బాయిల్లో కూడా నూటికి 31 మందికి ఉంది. కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మాయికి తల తిరిగితే బద్ధకం అంటాము, మెట్లెక్కితే ఆయాసపడుతుంటే నాజూకు అంటాము. హిమోగ్లోబిన్ పన్నెండుకు తక్కువ ఉంటే అది జబ్బు. ఇనుము మాత్రను అన్నం తిన్న తరువాత వేసుకోవాలి, వెంటనే టీ తాగకూడదు. విరేచనం నల్లగా అవుతుంది, భయపడనక్కరలేదు. ఈ ఒక్క మాట ముందు చెప్పకపోవడం వల్ల ఎన్నో మాత్రలు కిటికీలోనుండి బయట పడుతున్నాయి. చోళ్ళు, ఉలవలు, మునగాకు, నువ్వులు మన ఉత్తరాంధ్ర ఇళ్ళకు కొత్తవి కావు. వాటిని పేదల తిండి అని పక్కనపెట్టింది మనమే.

సీతంపేట వంటి ఏజెన్సీ ప్రాంతాల నుండి వచ్చి హాస్టళ్ళలో చదివే గిరిజన పిల్లల్లో మాటిమాటికి కీళ్ళ నొప్పులు, కామెర్ల రంగు కనిపిస్తే సికిల్ సెల్ పరీక్ష చేయించాలి. అది పుట్టుకతో వచ్చేది, ఇనుము మాత్రలతో నయం కాదు. 2023లో దేశమంతటా దీనికోసం ప్రత్యేక కార్యక్రమం మొదలైంది.

ఇంకొక సంగతి చెప్పడానికి కొందరు మొహమాటపడతారు. నేను పడను. మరుగుదొడ్డికి నీళ్ళు, గడియ లేని కాలేజీలో అమ్మాయిలు పొద్దుటి నుండి సాయంత్రం వరకు మంచినీళ్ళు తాగడం మానేస్తారు. మూత్రంలో మంట, జ్వరం అక్కడినుండి వస్తాయి. నెలసరి రోజుల్లో కాలేజీయే మానేస్తారు. హాజరు తగ్గిందని తల్లిదండ్రులకు ఉత్తరం వస్తుంది. దానికి జవాబుగా మరుగుదొడ్డికి గడియ బిగించమని తండ్రి ఒక ఉత్తరం రాస్తే ఎంత బాగుంటుంది!

ఆ చిన్న గదిలో అమ్మాయి చెప్పిన మాట స్టాఫ్ రూములో వినపడకూడదు. గుడి వరండాలో అసలే వినపడకూడదు. ఒక్కసారి ఆ నమ్మకం పోతే ఇక ఆ తలుపు ఎవరూ తట్టరు.

నొప్పి మాత్రలు, నోటిలో పొడి

మన జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్ళను కూల్చిందో వేరే చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల నుండి మన హాస్టళ్ళకు పిల్లలు వస్తారు. ఆ జబ్బుకు మూలకారణం ఏమిటన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో ప్రత్యేక ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కారణం ఏదైనా, నొప్పి మాత్రలు అదేపనిగా మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయన్న సంగతి మాత్రం తేలినదే. వర్క్‌షాపులో నిలబడి నడుము నొప్పి అని, రోజూ కిళ్ళీకొట్టులోనో మందులషాపులోనో చీటీ లేకుండా మాత్ర కొనుక్కునే కుర్రవాణ్ణి ఎవరైనా ఆపాలి. కాలేజీ పెట్టెలో పారాసిటమాల్, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఉంటే చాలు. యాంటీబయాటిక్ మాత్రలు ఆ పెట్టెలో ఉండనే కూడదు. అవి డాక్టరు రాయవలసినవి. వేసవిలో వర్క్‌షాపు పక్కనే కూజాలో చల్లని నీళ్ళుంటే సగం నీరసాలు రావు.

ఖైనీ, గుట్కా సంగతి కూడా అంతే. విద్యాసంస్థకు వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం ఉంది. ఒకసారి గేటు దగ్గర నిలబడి గజాలు లెక్కపెట్టండి. రెండు వారాలకు పైగా దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష ఉచితంగా చేస్తారని పిల్లలకు తెలియాలి. క్షయ అంటే హాస్టలు నుండి పంపేస్తారన్న భయంతో దాచుకుంటారు. మందులు వాడిన పిల్లవాణ్ణి తిరిగి చేర్చుకుంటామని వార్డెను ముందే చెప్పాలి.

మనసులో బాధ గురించి ఒక్క మాట. సప్లిమెంటరీ తప్పినా, ప్రేమ విఫలమైనా, ఇంటి అప్పు గుండెల మీద ఉన్నా ఆ వయసులో ప్రపంచం ముగిసిపోయినట్టు ఉంటుంది. 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరును నోటీసుబోర్డు మీద టైంటేబులు పక్కనే అంటించాలి.

విచారణ ఏమి చేయగలదు?

మన విచారణల్లో నర్సులు ఉన్నారు, రిటైరైన ఆరోగ్య కార్యకర్తలు ఉన్నారు, వైద్యం తెలిసిన మఠకన్యలు ఉన్నారు. నెలకొక మధ్యాహ్నం ఒకరు ఇచ్చినా కాలేజీలో ఒక శిక్షణ తరగతి జరుగుతుంది. అయితే అది మన పిల్లలకోసమే అనుకోకూడదు. ఆ వర్క్‌షాపులో అందరి పిల్లలూ ఉంటారు. యువతా సంఘం వారు ఒక ఆటోవారితో మాట్లాడి, అత్యవసరమైతే కాలేజీ నుండి ఆరోగ్య కేంద్రానికి వెంటనే వచ్చేటట్లు ఏర్పాటు చేయవచ్చు. 108 వస్తుంది, నిజమే. కాని అది వేరే ఊళ్ళో ఉన్నప్పుడు ఏమి చేయాలన్నది ముందే అనుకుని ఉండాలి. ఖర్చుకు విద్యార్థులే నెలకు ఐదో పదో వేసుకుని ఒక నిధి పెట్టుకుని, లెక్క నోటీసుబోర్డు మీద పెడితే చాలు.

ఈ ఆదివారం పూజ తరువాత కుటుంబ సమేతంగా కూర్చున్నప్పుడు ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ అబ్బాయి లేక అమ్మాయి పేరు, రక్తం గ్రూపు, టి.డి. టీకా వేయించిన తేదీ, పడని మందులు, ఉన్న జబ్బులు రాయండి. టీకా తేదీ గుర్తు లేకపోతే ఆరోగ్య కేంద్రంలో అడగండి. ఒక కాపీ పిల్లల సంచిలో ఉంచి, రెండోది కాలేజీలో ఇచ్చి రండి. ఇచ్చేటప్పుడు ప్రథమ చికిత్స పెట్టె చూపించమని మర్యాదగా అడగండి. ఫోను నంబరు రాసేటప్పుడు గల్ఫులోనో హైదరాబాదులోనో ఉన్న తండ్రి నంబరు కాకుండా, పగటిపూట ఇంటి దగ్గర ఉండే మనిషి నంబరు రాయండి.